రూమ్‌మేట్ సూది వేసుకుంటున్నాడని తెలిసింది, ఇప్పుడు నువ్వేం చేయాలి?

“రూమ్‌మేట్ ఇంజెక్షన్ వేసుకుంటున్నాడు. చెబితే వాడి లైఫ్ పోతుంది. చెప్పకపోతే నాకు నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?” కుర్ర ఆటగాళ్లు అడిగే ప్రశ్నల్లో మాటలు మారుతున్నాయి గానీ అడిగేది ఇదే. కొందరు ఇంకోలా అడుగుతారు: “సీనియర్లంతా వేసుకుంటున్నారు, నేనొక్కడినే వద్దంటే టీమ్‌లోంచి తీసేస్తారా?” ఇంకొందరు అసలు సంగతి దాచి, “ఈ మందు ఎన్ని రోజుల్లో ఒంట్లోంచి పోతుంది?” అంటారు. ముగ్గురికీ ఇదే జవాబు.

స్పోర్ట్స్ హాస్టల్లోనో, అకాడమీలోనో, ఊరి గ్రౌండ్‌లోనో గట్టిగా కష్టపడుతున్న, 18 నిండని ఆటగాళ్ల కోసం రాసింది ఇది. ఆటలో గెలవడానికి నిషేధ మందులు వాడటం, అంటే డోపింగ్, కళ్లముందే జరుగుతుంటే ఏం చేయాలో చెబుతుంది. అమ్మానాన్నలు చదివినా మంచిదే.

మొదటే ఒక మాట. దోస్తును పట్టించినవాడివి అవుతావేమోనన్న భయమే నిన్ను ఆపుతోంది. ఆ భయం మంచి మనసున్నవాళ్లకే ఉంటుంది. కానీ పదహారేళ్ల కుర్రాడు ఆ సీసా తనంతట తాను సంపాదించడం చాలా అరుదు. వెనక ఒక సీనియరో, కోచో, జిమ్ ట్రైనరో, చీటీ అడగని మెడికల్ షాపువాడో ఉంటాడు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నియమావళి కూడా ఈ తేడా గమనించే రాశారు. 16 ఏళ్లలోపు పిల్లలను, పెద్ద స్థాయికి ఇంకా వెళ్లని 18 లోపువాళ్లను ‘రక్షణ పొందే వ్యక్తులు’గా చూస్తుంది. వాళ్ల తప్పు పెద్దది కాదని తేలితే మందలింపుతోనే వదిలేయడానికి వీలుంది. అదే మందు పిల్లలకు ఎక్కించిన పెద్దవాడికైతే జీవితకాల నిషేధం దాకా పడుతుంది. కాబట్టి కింద చెప్పే ప్రతి దశలోనూ నీ చూపు ఆ సీసా ఎక్కణ్నుంచి వచ్చిందనే దానిమీద ఉండాలి. నీ దోస్తు బయటపడే దారి కూడా అటువైపే ఉంది.

కావాల్సినవి

- వంద పేజీల నోట్‌బుక్ ఒకటి, పెన్ను. ఫోన్ నోట్స్ పనికిరాదు. హాస్టల్లో ఫోన్ ఎవరి చేతికైనా వెళ్తుంది.
- కిట్ బ్యాగ్‌కి చిన్న నంబర్ లాక్.
- నీ పేరు రాసిన సొంత వాటర్ బాటిల్.
- కోచ్ చెప్పుచేతల్లో లేని ఒక పెద్దమనిషి. అమ్మ, నాన్న, మేనమామ, ఊళ్లో చదువు చెప్పిన పీఈటీ సార్, ఎవరైనా సరే. ఆ ఒక్కరెవరో ఈరోజే నిర్ణయించుకో.
- నంబర్లు కాగితం మీద: పిల్లల హెల్ప్‌లైన్ 1098, అంబులెన్స్ 108, మానసిక సాయానికి టెలీ మానస్ 14416.
- గత నెలరోజుల్లో నువ్వు వాడిన మందుల జాబితా.

1. చూసింది వేరు, విన్నది వేరు

నోట్‌బుక్‌లో ఒక పేజీని మూడు గళ్లుగా గీయి. మొదటి గడిలో నీ కళ్లతో చూసింది. రెండో దాంట్లో ఎవరో చెప్పగా విన్నది. మూడో దాంట్లో నువ్వు ఊహించుకున్నది. చాలామందికి మొదటి గడి దాదాపు ఖాళీగా, మూడోది నిండా ఉంటుంది. అలా ఉంటే ఇంకా ఎవరి పేరూ నోటితో అనొద్దు.

ఎందుకంటే సిరంజి కనబడినంత మాత్రాన డోపింగ్ అని కాదు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలు రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. ఇన్సులిన్ నిషేధ జాబితాలో ఉన్నా, మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా నుంచి టీయూఈ అనే చికిత్స మినహాయింపు తీసుకుని వాడుకోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చొచ్చు, 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు దాటకుండా, ఏ 8 గంటల్లోనూ 600 దాటకుండా. బీ12 ఇంజెక్షన్ కూడా నిషేధం కాదు. ఇవేవీ తెలియకుండా నోరు జారితే, జబ్బుతో ఉన్న పిల్లాణ్ని దొంగను చేసినట్టవుతుంది.

అనుమానం బలపడేవి ఇవి: లేబుల్ చింపేసిన సీసా, రూమ్ తలుపు గడియ, ఒకే సిరంజి ఇద్దరు ముగ్గురు వాడటం, సెలక్షన్స్‌కి వారం ముందే మొదలవడం, “ఎవరికీ చెప్పకు” అన్న మాట. ఒంటిమీద కనిపించేవీ ఉంటాయి. వీపు, భుజాల మీద ఉన్నట్టుండి పెద్ద మొటిమలు, చిన్నదానికే చిర్రెత్తడం, తొడ మీదో పిరుదు మీదో గడ్డకట్టిన వాపు. అమ్మాయిల్లోనైతే గొంతు బొంగురుపోవడం, నెలసరి ఆగిపోవడం. బొంగురుపోయిన గొంతు మందు ఆపినా చాలాసార్లు తిరిగి రాదు. ఎదిగే వయసులో స్టెరాయిడ్ పడితే ఎముకల చివర్లు ముందే మూసుకుని ఎత్తు అక్కడితో ఆగిపోవచ్చు. దోస్తుకి చెప్పాల్సి వస్తే, నిషేధం కన్నా ఈ మాటే ఎక్కువ పనిచేస్తుంది.

జాగ్రత్త: ఆ సిరంజిని నువ్వు ముట్టుకోకు. సాక్ష్యం కోసం జేబులో వేసుకోకు. హెపటైటిస్, హెచ్‌ఐవీ ప్రమాదం ఒకటి, నీ దగ్గర దొరికితే నువ్వే సమాధానం చెప్పాల్సి రావడం రెండోది.

2. నీ బ్యాగు, నీ చేతులు, నీ డబ్బు పక్కకు తీసుకో

అందరూ ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే, అందుకే ఇది కాస్త వివరంగా చెప్పాలి.

తెలిసి కూడా మాట్లాడకపోవడం, అదొక్కటే అయితే, నియమావళిలో ఉల్లంఘన కాదు. కానీ సాయం చేయడం, ఉసిగొల్పడం, కప్పిపుచ్చడం మాత్రం 2.9 నిబంధన కింద సొంతంగా వాడినంత తప్పు. దానికి కనీసం రెండేళ్ల నుంచి జీవితకాలం దాకా నిషేధం ఉంది. నువ్వు ఒక్క చుక్క కూడా తీసుకోకపోయినా సరే. ‘దోస్తు కోసం చిన్న పని’ అని చేసేవన్నీ దీని కిందికే వస్తాయి:

- “నీ బ్యాగులో ఒక్క రాత్రి పెట్టుకో, వార్డెన్ నా బ్యాగే వెతుకుతాడు.” పెట్టుకుంటే అది నీ దగ్గర నిషేధ మందు ఉన్నట్టే లెక్క.
- “నా ఫోన్‌పేలో బ్యాలెన్స్ లేదు, ఆ షాపతనికి 800 కొట్టు.” కొడితే కొన్నది నువ్వేనని నీ స్టేట్‌మెంటే చెబుతుంది.
- “సార్లొస్తే విజిల్ వెయ్యి.”
- “టెస్ట్‌కి నీ యూరిన్ ఇవ్వు, నీది క్లీన్ కదా.” దీన్ని శాంపిల్ తారుమారు చేయడం అంటారు, అసలు డోపింగ్‌తో సమానమైన నేరం.

అందుకే ఈరోజే బ్యాగ్‌కి లాక్ వెయ్యి. నంబర్ ఎవరికీ చెప్పొద్దు, బెస్ట్ ఫ్రెండ్‌కి కూడా. ఉన్న పర్సు, సబ్బు, కాలిపట్టీలు బయటికి తీసి, అడుగు అర జిప్పుల దాకా చూసి, నీవి కానివి ఉంటే చేత్తో పట్టుకోకుండా వార్డెన్‌ను పిలిచి చూపించు. నీళ్ల బాటిల్ మూత తీసి ఎక్కడా వదలకు. వదిలి వచ్చావా, ఆ నీళ్లు పారబోసి మళ్లీ నింపుకో. గ్రౌండ్ పక్కన అందరి బాటిళ్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి మూత మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకో.

3. వద్దని చెప్పడం ముందే ప్రాక్టీస్ చెయ్యి

స్టార్ట్‌ను ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేస్తావు? దీన్నీ అలాగే చెయ్యాలి. అడిగిన క్షణంలో మాటలు రావు. నోరెండిపోతుంది. అందుకే అద్దం ముందు నిలబడి పైకే పదిసార్లు అనుకో.

సీనియర్ అడిగే తీరు ఇలా ఉంటుంది: “అరే, అందరం ఏసుకుంటున్నం రా. నువ్వొక్కడివే సత్యహరిశ్చంద్రుడివా? రేపు రిలేలో నీవల్ల ఓడిపోతే ఎవడు బాధ్యుడు?”

జవాబు: “నాకొద్దన్నా.” అంతే. ఆయన ఇంకేదో అంటాడు. మళ్లీ “నాకొద్దన్నా.” కారణం చెప్పావంటే దానికి విరుగుడు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. “దొరికిపోతాం” అంటే “ఇది దొరకదు” అంటారు. “డబ్బుల్లేవు” అంటే “నేనిస్తా” అంటారు. మూడోసారి చెప్పి అక్కణ్నుంచి లేచి మెస్‌కి నడువు, నలుగురు ఉండేచోటికి.

రిలే మాట ఎత్తినవాడికి రిలే కథే ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జమైకా 4×100 జట్టు బంగారం గెలిచింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2017లో, జట్టులో ఒకరి పాత శాంపిల్‌లో నిషేధ పదార్థం బయటపడిందని నలుగురి పతకాలూ లాగేసుకున్నారు. ఉసేన్ బోల్ట్ బంగారం కూడా వాటిలో ఉంది.

అడిగేది కోచ్ అయితే ‘వద్దు’ అనడం కష్టం. సెలక్షన్ లిస్టు ఆయన చేతిలో ఉంటుంది. అక్కడ ఈ మాట వాడు: “సార్, పేరు రాసివ్వండి సార్. మా నాన్న డాక్టర్‌కి చూపించి చెబుతానన్నాడు.” నిజమైన మందు ఇచ్చే మనిషి ఠక్కున రాసిస్తాడు, స్ట్రిప్ చేతిలో పెడతాడు. “నామీద నమ్మకం లేదా?” అని కోపగించుకుంటే, “పేరెందుకు నీకు?” అని తప్పించుకుంటే, నీకు కావాల్సిన జవాబు వచ్చేసినట్టే. ఆ మాటలు యథాతథంగా నోట్‌బుక్‌లో రాయి.

కోచ్ ఇచ్చాడు కాబట్టి నామీద తప్పు రాదనుకోవడం ఖరీదైన పొరపాటు. 2011లో మన దేశపు మహిళల 4×400 మీటర్ల రన్నర్లు స్టెరాయిడ్లతో దొరికారు. వాళ్లలో కొందరు అంతకు ముందు ఏడాదే కామన్‌వెల్త్, ఏషియన్ గేమ్స్‌లో బంగారాలు తెచ్చినవాళ్లు. కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ సప్లిమెంట్ వల్లేనని చెప్పుకున్నారు. ఆ విదేశీ కోచ్‌ని తీసేశారు. రన్నర్లకు మొదట ఏడాది నిషేధం పడింది, తర్వాత అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లకు పెంచింది. ఒంట్లోకి వెళ్లినదానికి బాధ్యత ఆటగాడిదేనన్నది ఈ నియమాలకు మూలం.

4. నీ మందులు కూడా సరిచూసుకో

దోస్తు సంగతి చూస్తూ తన సంగతి మరిచిపోయేవాళ్లు ఎక్కువ. స్ట్రిప్ మీద పెద్దక్షరాల బ్రాండ్ పేరు వదిలెయ్, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు అసలు పేరు చూడు. మన ఊళ్లలో మామూలుగా ఇచ్చేవాటిలో గుర్తుంచుకోవాల్సినవి:

- టెర్బ్యుటలిన్: దగ్గు సిరప్‌లలో ఉంటుంది. ఎప్పుడూ నిషేధమే.
- ఫ్రూసెమైడ్: ఒంట్లో నీరు తీసే బిళ్ల. వెయిట్‌లిఫ్టింగ్, రెజ్లింగ్, బాక్సింగ్‌లో బరువు తగ్గడానికని చేతిలో పెడతారు. ఎప్పుడూ నిషేధమే.
- డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటివి: ఆర్‌ఎంపీ దగ్గర జ్వరానికీ నొప్పులకీ కలిపి ఇస్తుంటారు. పోటీల సమయంలో బిళ్లగానీ ఇంజెక్షన్‌గానీ నిషేధం.
- మెఫెంటర్మిన్: ఆపరేషన్ థియేటర్లో బీపీ పడిపోతే ఇచ్చే మందు. జిమ్‌లలో ‘పంప్’ కోసం దొంగతనంగా అమ్ముతున్నారు. హైదరాబాద్‌లో పోలీసులు, డ్రగ్ కంట్రోల్ అధికారులు ఇలా అమ్మేవాళ్లను పట్టుకున్న కేసులు చాలానే ఉన్నాయి. గుండె లయ తప్పుతుంది.
- స్టానోజొలాల్, నాండ్రొలోన్, మెథాన్‌డైనోన్: ఇవి స్టెరాయిడ్లు. ‘రికవరీ’, ‘పవర్’, ‘విటమిన్’ అని రకరకాల పేర్లతో వస్తాయి.

ఇంకొకటి, చాలామందికి తెలియదు: నీరసంగా ఉందని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకోవడం. 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటితే అదే ఉల్లంఘన, లోపల ఉన్నది ఉప్పునీరే అయినా సరే. ఆసుపత్రి చికిత్సలో భాగంగా ఎక్కిస్తేనే మినహాయింపు. మామూలుగా ఎక్కించే సెలైన్ సీసా 500 మిల్లీలీటర్లు ఉంటుంది.

నాడా ఇండియాకి ‘నో యువర్ మెడిసిన్’ అనే యాప్ ఉంది, మందు పేరు కొట్టి చూసుకోవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లగానే “నేను పోటీల్లో ఆడతాను, డోప్ టెస్ట్ ఉంటుంది” అని ముందే చెప్పు.

5. దోస్తుతో ఒక్కసారి మాట్లాడు

మాట్లాడటం ఒక్కసారే, అదీ ఒంటరిగా, వేడి మీద లేనప్పుడు. ప్రాక్టీస్ అయ్యాక ఇద్దరూ స్ట్రెచింగ్ చేసుకునే సమయం మంచిది. ఎదురెదురుగా కూర్చోనక్కర్లేదు, పక్కపక్కన ఉంటే మాట సులువుగా వస్తుంది.

ఇలా మొదలుపెట్టు: “రేయ్, మొన్న రాత్రి బాత్రూమ్‌లో చూశాను. నిన్ను తిట్టడానికి రాలేదు. అది ఎవరిచ్చారు నీకు?” ‘ఎందుకు చేశావ్’ అని అడిగితే తల దించుకుంటాడు. ‘ఎవరిచ్చారు’ అని అడిగితే నోరు విప్పుతాడు.

రెండు మాటలు మాత్రం ఇవ్వకు. ఒకటి, “ఎవ్వరికీ చెప్పను, అమ్మతోడు.” ఒట్టేస్తే రేపు వాడు కళ్లు తిరిగి పడిపోయినా నీ నోరు లేవదు. దానికి బదులు “నీ పేరు ఊళ్లో తిప్పను, కానీ నీకేమన్నా అవుతుందనిపిస్తే పెద్దవాళ్లకి చెబుతా” అను. రెండోది, “నువ్వు మానేస్తే నేను మర్చిపోతా.” మందు ఇచ్చేవాడు అలాగే ఉంటాడు, రేపు ఇంకొకడిని పట్టుకుంటాడు.

చెప్పాల్సిన మంచి వార్త కూడా ఒకటుంది. దొరికినవాడు మందు ఎవరిచ్చారో చెప్పి, దానివల్ల ఆ అసలువాడి ఉల్లంఘన బయటపడితే, నిషేధంలో నాలుగింట మూడొంతుల దాకా నిలిపివేయడానికి నియమావళిలో వీలుంది. ‘గణనీయమైన సహకారం’ అంటారు దీన్ని. హాస్టల్ పిల్లల్లో ఎక్కువమంది ఈ మాట విననే లేదు. అందుకే నోరు మూసుకుని మొత్తం శిక్ష మీదేసుకుంటారు.

మాట్లాడొద్దు, నేరుగా పెద్దవాళ్ల దగ్గరికే వెళ్లాలి అనే సందర్భాలు: వాడు నిన్ను ముందే బెదిరించాడు, వాడే మందు అమ్ముతున్నాడు, లేదా వాడి ప్రాణానికే ముప్పుంది. ఛాతీలో నొప్పి, గుండె దడ, స్పృహ తప్పడం, కళ్లు పచ్చబడటం, సూది గుచ్చినచోట ఎర్రగా వేడిగా వాచి జ్వరం రావడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చెయ్. డాక్టర్‌కి మందు పేరు దాచకుండా చెప్పు. ఆ క్షణంలో కెరీర్ గురించి ఆలోచించకు.

6. రాసి పెట్టు

ఒక నమూనా:

“మార్చి 4, సాయంత్రం 6.40. హాస్టల్ రెండో అంతస్తు, చివరి బాత్రూమ్. తలుపు సగం తెరిచి ఉంది. కిటికీ గట్టు మీద చిన్న గాజు సీసా, లేబుల్ లేదు, పసుపు రంగు నూనెలాంటి మందు. ‘క’ తొడకి వేసుకుంటున్నాడు. ‘గ’ అన్న పక్కన నిలబడి ఉన్నాడు. ‘గ’ నాతో అన్నది: ‘నువ్వేం చూడలేదు, సరేనా?’ నేనేం అనలేదు. నాతోపాటు ఇంకెవరూ లేరు.”

ఇంతే. “వీడు ఎప్పట్నుంచో దొంగ” లాంటి మాటలు వద్దు. పేర్లకు అక్షరాలు వాడి, ఎవరి అక్షరం ఏదో ఇంకో కాగితం మీద రాసి ఇంట్లో దాచు. జరిగిన రోజే రాయి. వారం తర్వాత రాసింది గుర్తున్నంతే ఉంటుంది, జరిగినంత ఉండదు.

చేయకూడని పని ఒకటుంది. బాత్రూమ్‌లో, డ్రెస్సింగ్ రూమ్‌లో దొంగచాటుగా వీడియో తీయకు. బట్టలు మార్చుకుంటున్న 18 లోపు పిల్లలు అందులో పడితే పోక్సో, ఐటీ చట్టాల కింద నీమీదే కేసు పడొచ్చు. బల్ల మీద ఉన్న సీసాకి, చెత్తబుట్టలో స్ట్రిప్‌కి దూరం నుంచి ఒక ఫొటో తీస్తే చాలు. ఆ ఫొటో టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో వేశావంటే పది నిమిషాల్లో మందు మాయమవుతుంది, మిగిలేది నీమీద కోపం ఒక్కటే.

7. ఎవరికి చెప్పాలి, ఏ వరసలో

ముందు ఇంట్లో. ఫోన్‌లో కాదు, వీలైతే ఎదురుగా. నోట్‌బుక్ చేతికిచ్చి చదవమను. అమ్మానాన్నలు మొదట భయపడతారు, “మనకెందుకురా” అంటారు. ఆ మాట ఒకటిరెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే మేనమామనో, పీఈటీ సార్‌నో వాళ్లతో మాట్లాడించు.

తర్వాత సంస్థలో బాధ్యత ఉన్న మనిషి: ప్రిన్సిపాల్, లేదా హాస్టల్ పైఅధికారి. కోచ్‌కి సంబంధం ఉందనిపిస్తే ఆయన కింద పనిచేసేవాళ్ల దగ్గరికి వెళ్లకు. సాయంత్రానికల్లా ఆయనకు తెలిసిపోతుంది. నోటితో చెప్పి ఊరుకోకుండా ఒక పేజీ ఉత్తరం రాసి, నాన్న సంతకంతో ఇచ్చి, జిరాక్స్ మీద ‘అందింది’ అని తేదీ వేయించుకోవాలి.

ఆ మనిషి తలుపు మూస్తే నేరుగా నాడాకి. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ఇది, 2022లో పార్లమెంటు చేసిన చట్టం దీనికి అధికారం ఇచ్చింది. వాళ్ల వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పేరు బయటపెట్టడం ఇష్టం లేకపోతే వాడా వాళ్ల ‘స్పీక్ అప్’ వేదిక ఉంది, పేరు చెప్పకుండా పంపి, వాళ్లు అడిగిన ప్రశ్నలకు అక్కడే జవాబివ్వొచ్చు.

కొట్టడం, తిండి మానిపించడం, ఒంటిమీద చేతులు వేయడం లాంటివి కూడా జరుగుతుంటే అది డోపింగ్ విషయం కానే కాదు, 1098కి ఫోన్ చెయ్యి. రాత్రయినా ఎత్తుతారు.

ఫోన్‌లో ఏం చెప్పాలో తెలియక చాలామంది కట్ చేసేస్తారు. ఇది చూసి చదువు: “నా వయసు పదహారు. స్పోర్ట్స్ హాస్టల్లో ఉంటాను. మా హాస్టల్లో పిల్లలకు ఒక పెద్దాయన ఇంజెక్షన్లు ఇవ్వడం మార్చి నాలుగున, తొమ్మిదిన నా కళ్లతో చూశాను. నా దగ్గర రాసి ఉంది. నా పేరు హాస్టల్లో తెలియకూడదు.”

చెప్పినందుకు నిన్ను బెదిరించినా, చెప్పకుండా అడ్డుకున్నా, అది కూడా 2.11 నిబంధన కింద ఉల్లంఘనే. కనీసం రెండేళ్ల నిషేధం నుంచి జీవితకాలం దాకా ఉంది. ఎవరైనా బెదిరిస్తే ఆ మాటలు, తేదీ, సమయం అదే నోట్‌బుక్‌లో రాసి, అదే చోటికి పంపు.

8. టెస్ట్ చేసేవాళ్లు వస్తే పారిపోకు

2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చారని తెలియగానే రన్నర్లు జారుకున్నారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. ఒక జూనియర్ అమ్మాయి స్టీపుల్‌చేజ్ ఫినిష్ లైన్ దాటాక కూడా ఆగకుండా పరుగెత్తుతూ పోయింది. తప్పించుకోవడం మామూలుగా నాలుగేళ్ల నిషేధం పడే ఉల్లంఘన. ఏమీ వాడనివాడు కూడా ‘అందరూ వెళ్తున్నారు’ అని బస్సెక్కేస్తే వాడినవాడితో సమానమైపోతాడు.

నీ పేరు పిలిస్తే గుర్తింపు కార్డు చూపించమని అడుగు. నీకు 18 నిండలేదని చెప్పి పెద్దవాళ్లలో ఒకరిని తోడు తెచ్చుకో, అది నీ హక్కు. అనుమానం ఉన్న కోచ్‌ని మాత్రం తోడు పెట్టుకోకు. సీల్ ఉన్న గిన్నెల్లోంచి ఒకటి నువ్వే ఎంచుకో. 90 మిల్లీలీటర్ల మూత్రం కావాలి. రావట్లేదని లీటర్లకొద్దీ నీళ్లు తాగితే పలచబడి పనికిరాదు, మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. ఏ, బీ సీసాల్లో నువ్వే పోసి, నువ్వే మూత బిగించి, సీసా మీద నంబరూ కాగితం మీద నంబరూ ఒకటేనా అని వేలు పెట్టి చూడు. గత ఏడు రోజుల్లో వాడిన మందులన్నీ రాయించు, దగ్గు సిరప్‌తో సహా. సంతకం చేసిన కాగితం నకలు నీ చేతికి వచ్చాకే కుర్చీలోంచి లేవు.

9. తర్వాతి రోజులు

మెస్‌లో నీ పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. స్పైక్స్ మాయమవుతాయి. ‘ఇన్‌ఫార్మర్’ అని పేరు పెడతారు. మొదటి రెండు వారాలే చాలా కష్టం. ఆ రెండు వారాలూ రోజూ ఇంటికి ఒక ఫోన్, అదే టైమ్‌కి. నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

కారణం చెప్పకుండా టీమ్‌లోంచి తీసేస్తే, గొడవపడకుండా నీ టైమింగ్‌లు, దూరాలు, గత పోటీల ఫలితాలు తేదీలతో కలిపి సెలక్షన్ కారణాన్ని లిఖితపూర్వకంగా అడుగు. అవసరమైతే వేరే జిల్లాకో అకాడమీకో మారడానికి ఎన్‌ఓసీ కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టుకో, సీజన్ మొదలయ్యాక ఇవ్వడం ఆలస్యం చేస్తారు.

సరిగ్గా చేశావో లేదో ఇలా చూసుకో

నీ బ్యాగ్ ఎవరు ఎప్పుడు విప్పినా నీకు చెమట పట్టకూడదు. నోట్‌బుక్ చదివిన తెలియని మనిషికి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది నిన్ను అడక్కుండానే అర్థం కావాలి. హాస్టల్ బయట ఒక్క పెద్దమనిషికైనా మొత్తం తెలిసి ఉండాలి. నువ్వు ఇచ్చిన ఉత్తరానికి తేదీ ఉన్న నకలు ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా ఆ దశకే తిరిగి వెళ్లు. ‘కోచ్‌ని తీసేశారా లేదా’ అన్నది కొలత కాదు, అది నీ చేతిలో లేదు, విచారణకు నెలలు పడుతుంది.

ఇప్పటికే వేసుకున్నావా?

“ఎన్ని రోజుల్లో పోతుంది” అని అడిగినవాళ్ల కోసం ఇది. లెక్కలు వేయకు. నూనెలో కలిపి ఇచ్చే నాండ్రొలోన్ ఆనవాళ్లు నెలల తరబడి దొరుకుతాయి. “వారం ముందు ఆపేస్తే చాలు” అన్నవాడికి అది అమ్ముడుపోవాలి, అంతే. ఈరోజు ఆపెయ్. ఇంట్లో చెప్పు. డాక్టర్ దగ్గరికెళ్లి లివర్ పరీక్ష, బీపీ, సూది పంచుకుని ఉంటే హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకో. ఈసారి పోటీకి దిగకు, గాయమని చెప్పి తప్పుకోకుండా అమ్మానాన్నల చేతే రాయించి పంపు. శాంపిల్ ఇప్పటికే ఇచ్చేసి ఉండి, తప్పు జరిగిందని నోటీసు వస్తే 20 రోజుల్లోగా ఒప్పుకుంటే, నాలుగేళ్లు లేదా అంతకు మించి పడే కేసుల్లో ఒక ఏడాది తగ్గుతుంది. ఆ 20 రోజుల్ని భయంతో మంచం మీద గడిపేయకు. నోటీసు వచ్చిన రోజే దాన్ని పెద్దవాళ్ల చేతిలో పెట్టి, జవాబు రాయించడం మొదలుపెట్టు.

ఆ నోట్‌బుక్ ఒకటి మాత్రం పారేయకు. హాస్టల్ వదిలినా, ఆటే వదిలినా, ఇంట్లో పదో తరగతి మెమోతోపాటు దాచి ఉంచు. ఉల్లంఘన జరిగిన రోజు నుంచి పదేళ్ల వరకు కేసు తెరవొచ్చు.